నేను మొద్దుపిల్లాడి వేషం కట్టిన వేసవి

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు టీచర్లు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ బడిలో వేసవి శిబిరం పెట్టమని ఉత్తర్వు వచ్చిందట. ‘‘మీరు వెనకటికి పెట్టారట కద సార్, ఎట్లా పెట్టాలో కాస్త చెప్పండి’’ అన్నారు. ఎట్లా పెట్టాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎట్లా పెట్టకూడదో మాత్రం నా అంత బాగా తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఉండడు. వాళ్ళిద్దరికీ కాఫీ ఇచ్చి చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళు నవ్వారు. మీరూ నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు ఊరు ఊరంతా నవ్వింది, దాని ముందు ఇదెంత!

రెండువేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్ళయి ఉంటుంది. అద్దంకికీ వినుకొండకీ మధ్య ఒక ఊరు. ఆ ఊరి హైస్కూల్లో నేను లెక్కల మేష్టారిని. అప్పటికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి సిలబస్ పూర్తి చేసేసి, మిగతా రోజులు మళ్ళీ మొదటినుంచీ తిరగేయించేవాణ్ణి. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడేది. దాన్ని నేను క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. ఎప్పుడైనా ‘‘అర్థమైందా?’’ అని అడిగితే అరవై తలకాయలు ఒక్కసారి ఊగేవి. దాన్ని నేను అర్థం కావడం అనుకునేవాణ్ణి.

ఆ ఏప్రిల్ నెలలో, బడికి తాళం వేసే ముందు రోజు, హెడ్మాస్టారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన మంచివాడే, కాకపోతే పైనుంచి ఏ కాగితం వచ్చినా ఆయనకి చలిజ్వరం వచ్చినట్టుండేది. ఈసారి వచ్చిన కాగితంలో, పది రోజులపాటు వేసవి శిబిరం నడిపి ‘బాలబాలికల యందు ఆత్మవిశ్వాసమును, సృజనాత్మకతను పెంపొందించవలెను’ అని ఉంది. ఆఖరి రోజు పెద్ద ఆఫీసరుగారు స్వయంగా వచ్చి పెంపొందాయో లేదో చూస్తారట.

‘‘మీరే చూసుకోవాలి మేష్టారూ’’ అన్నారాయన.

‘‘నేనెందుకండీ? నాకు పాట రాదు, ఆట రాదు.’’

‘‘ఊళ్ళో ఉండేది మీరే కదండీ. మిగతావాళ్ళంతా బస్సెక్కేశారు.’’

అదీ నాకున్న అర్హత. నాకు తోడు ఇద్దరిని ఇచ్చారు. ఒకరు మా డ్రిల్లు మేష్టారు. లోకంలో ఏ చిక్కయినా ఈల వేస్తే విడిపోతుందని ఆయన నమ్మకం. ఉత్తర్వు చదివి, ‘‘ఈ సృజనాత్మకత అనేదేంటి మేష్టారూ, మన స్టోరు రూములో నేనైతే చూళ్ళేదే’’ అన్నాడు. రెండో ఆవిడ కుట్టు టీచరుగారు. రెండేళ్ళలో రిటైర్ కాబోతున్న మనిషి, మాట తక్కువ. మేమిద్దరం శిబిరం గురించి గంటసేపు చర్చిస్తుంటే ఆవిడ ఒక రవికెకి కాజాలు కుడుతూ కూర్చుని, చివర్లో ‘‘కానివ్వండి’’ అన్నారు.

లెక్కల మేష్టారిని కాబట్టి నేను ముందు చేసిన పని టైంటేబుల్ వేయడం. పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదీ ముప్పావు దాకా ఆత్మవిశ్వాసం. అక్కణ్ణుంచి తొమ్మిదిన్నర దాకా సృజనాత్మకత. తరవాత మజ్జిగ. మజ్జిగ అయ్యాక మళ్ళీ ఆత్మవిశ్వాసం, పొద్దుటిది ఎవరికైనా చాలకపోతే.

ఆత్మవిశ్వాసం పీరియడు డ్రిల్లు మేష్టారిది. నలభైమంది పిల్లల్ని వరసల్లో నిలబెట్టి ఈల వేసేవాడు. ఈలకొకసారి అందరూ పిడికిలి పైకెత్తి ‘‘నేను సాధించగలను!’’ అని అరవాలి. మొదటి రోజు ఒక కుర్రాడు, ‘‘ఏం సాధించాల సార్?’’ అని అడిగాడు.

‘‘ముందు అరవరా, తరవాత చూద్దాం’’ అన్నాడాయన.

మూడో రోజుకి పిల్లల గొంతులు బొంగురుపోయాయి.

సృజనాత్మకత నేను తీసుకున్నాను. బోర్డు మీద రెండు కొండలు వేశాను. కొండల మధ్య పొడిచే సూర్యుడు, అక్కణ్ణుంచి దిగే ఏరు, ఏటి పక్కన పూరిల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి నాలుగు పక్షులు. నా బొమ్మని ఎవరు ఎంత బాగా దించితే వాళ్ళకి అంత సృజనాత్మకత ఉన్నట్టు. ముప్పై తొమ్మిది మంది దించారు. ఒక కాగితం మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్రగా ఉంది. ఎరుపు మీద అక్కడక్కడా వంగి కూర్చున్న మనుషులు, చీమలంతేసి.

ఆ బొమ్మ వేసింది ఏడో తరగతి పరీక్షలు రాసిన ఒక బక్కపల్చటి పిల్ల. చివరి బెంచీ. ఏడాది పొడుగునా ఆ పిల్ల గొంతు విన్న గుర్తు కూడా లేదు నాకు.

‘‘ఏంటిది?’’ అన్నాను.

‘‘మా కల్లం సార్. మిరక్కాయలు ఎండబోశాం.’’

‘‘కొండలేవి?’’

‘‘మా కల్లం కాడ కొండల్లేవు సార్’’ అంది, గొణుగుతున్నట్టు.

దాంట్లో తప్పేముందో నాకు తోచలేదు, కానీ తోచనప్పుడు ఏం చేయాలో బాగా అలవాటు. ఎర్రసిరా పెన్నుతో ఆ కాగితం మీద ‘మళ్ళీ వేయుము’ అని రాశాను. ఆ ఎరుపులో నా సిరా కనపడనేలేదు.

మర్నాటినుంచి ఆ పిల్ల రాలేదు. ఆ పిల్లతోపాటు ఇంకో పదిమంది రాలేదు. నాలుగో రోజుకి మొత్తం తొమ్మిదిమంది మిగిలారు. అందులో ఇద్దరు ఇంకా బడిలో చేరని పిల్లలు, మజ్జిగ కోసం వచ్చినవాళ్ళు. తొమ్మిదిమందీ కలిసి ‘‘నేను సాధించగలను’’ అంటే గోడ అవతల ఎనుబోతు కూడా తల తిప్పడం లేదు. హెడ్మాస్టారికి చలిజ్వరం మొదలైంది.

‘‘మేష్టారూ, ఆఫీసరుగారు వచ్చేనాటికి పిల్లలు లేకపోతే మన గతేంటి? ఒకాయన్ని ఇట్లాగే నల్లమల అంచుకి వేశారంట.’’

‘‘ఎవర్నండీ?’’

‘‘ఎవరైతేనేం, వేశారంట!’’

ఆ సాయంత్రం నాలుగింటికి నెత్తిన తువ్వాలు కప్పుకుని పిల్లల్ని వెతుక్కుంటూ బయల్దేరాను. పెద్దగా వెతకక్కర్లేదు. ఆఖరి కోత కాయ అంతా కల్లాల మీద ఉంది. ఆడవాళ్ళు, పిల్లలు ముక్కులకి గుడ్డలు కట్టుకుని మిరపకాయలు గ్రేడు చేస్తున్నారు. ఎర్రటి కాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరి పక్కన పారేయడం, అదీ పని. గాలి తగిలితే చాలు, ముక్కు మంట, కళ్ళ నీళ్ళు.

తాటాకు పందిరి దగ్గరికి వెళ్ళేసరికి కుప్ప అవతలనుంచి ఒక మగ గొంతు వినపడింది.

‘‘మైనస్ ఇంటూ మైనస్ ఎంత?’’

‘‘ప్లస్ సార్’’ అని నాలుగైదు ఆడగొంతులు.

‘‘ఎందుకు ప్లస్ అని ఎవరన్నా అడుగుతున్నారా? అడిగినవాడికి గుడ్డుసున్నా! చెప్పింది గుర్తుపెట్టుకో. అర్థమైందా? అర్థమైనోళ్ళు తలకాయ ఊపండి. కానోళ్ళు గూడా ఊపండి, నాకు టైము లేదు.’’

పందిరి కింద నవ్వులు పగిలాయి. ఎవరా ఈ మేష్టారు, మన బడివాడు కాదే అనుకున్నాను. రెండు అడుగులు వేశాక తెలిసింది, అది నేనే. నా గొంతుని నేను బయటినుంచి వినడం అదే మొదలు. అందులో ఒక సన్నటి ముక్కు మూలుగు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కుప్ప చుట్టూ తిరిగి చూస్తే, కల్లం బొమ్మ వేసిన పిల్ల. ఒక చెయ్యి నడుం మీద, రెండో చేతిలో పత్తికట్టె. చెవి మీద నేను సుద్దముక్క పెట్టుకున్నట్టే ఒక తెల్లటి తాలుకాయ పెట్టుకుంది. నన్ను చూసి నోరు తెరిచినది తెరిచినట్టే నిలబడిపోయింది.

‘‘అదిగో, అసలాయనే వచ్చాడు!’’ అంది పక్కన కాయలేరుతున్న ముసలమ్మ. ఆ పిల్ల నాయనమ్మ. ఆ కల్లానికి ఆవిడే కలెక్టరు. ‘‘ఏందయ్యా మేష్టారూ, ఇట్టా వచ్చావు?’’

‘‘పిల్లల్ని శిబిరానికి పంపమని చెప్పడానికి వచ్చానమ్మా.’’

‘‘ఆడ ఏం నేర్పుతారు?’’

‘‘ఆత్మవిశ్వాసం పెంచుతామమ్మా. అంటే నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం.’’

ఆవిడ మనవరాలి వైపు చూసింది, పత్తికట్టె వైపు చూసింది, చెవి మీది తాలుకాయ వైపు చూసింది.

‘‘అది దీనికి ఎక్కువే ఉందయ్యా. నీకు చేతనైతే కాస్త తగ్గించి పంపు.’’

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వబోయాను గానీ ఆవిడ ఇంకా మాట్లాడుతోంది. ‘‘అయినా ఇంక బడి దేనికిలే. ఏడుతో చాలిస్తానంటంది. మేమేం మానమన్లా, అదే అంటంది.’’

‘‘ఎందుకని?’’

‘‘నువ్వే చెప్పావంటగా. నీ బుర్రకి లెక్కలెక్కవు, పోయి కాయలేరుకో పో అని. మేష్టారే చెప్పినాక ఇంకేముందీ?’’

ఆ మాటలో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. డాక్టరు చెప్పిన జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది. ఆ పిల్ల చెవి మీది తాలుకాయ తీసేసి నేలకేసి చూస్తోంది. నిజం చెబుతున్నాను, నేను ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. అననని చెప్పడానికీ ధైర్యం చాల్లేదు. అంటాను. అలాంటివి రోజుకు నాలుగైనా అంటాను. ఏదో జవాబు చెప్పాలని నోరు తెరిచాను, ఘాటు గొంతులోకి పోయింది. వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చేశాను. కళ్ళ నీళ్ళు మిరపకాయలవల్లే అని దారిలో కనిపించిన ఇద్దరికి, అడక్కపోయినా చెప్పాను.

మర్నాడు పొద్దున కుట్టు టీచరుగారికి చెప్పాను. ఆవిడ సానుభూతి చూపిస్తారనుకున్నాను.

‘‘ఆ ముక్కు మూలుగు కూడా పట్టిందా?’’ అని అడిగారు.

‘‘పట్టిందండీ.’’

ఆవిడ కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, చాలాసేపు నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు. తరవాత అన్నారు: ‘‘ఉత్తర్వులో అడిగినవి రెండూ ఆ కల్లంలో కనపడితే, తుమ్ముకుంటూ వచ్చేశారా మేష్టారూ?’’

ఆ సాయంత్రం ఆవిడే కల్లాలకి వెళ్ళారు. ఏం మాట్లాడారో తెలియదు గానీ, పది దాటితే ఎండకి అక్కడ ఎటూ పని ఆగిపోతుంది కాబట్టి, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా పిల్లలు బడికి వచ్చేట్టు ఒప్పించారు. నా టైంటేబుల్ ఏమైందో మళ్ళీ ఎవరూ అడగలేదు. డ్రిల్లు మేష్టారి ఈల ఆవిడ అడిగి తీసుకుని కుట్టుమిషను డ్రాయరులో వేశారు.

మర్నాడు ముప్పైమందికి పైనే వచ్చారు. ఆవిడ పిల్లలకి ఒక్కటే చెప్పారు: ‘‘ఎవరికి ఏది చేతనైతే అది చెయ్యండి. చూసి దించకూడదు.’’

మొదట ఒక గంట ఎవరూ ఏమీ చేయలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో ఒకటి బోర్డు మీద రాయాలని లేచినప్పుడల్లా ఆవిడ ‘‘కూర్చోండి’’ అనేవారు. కూర్చునేవాణ్ణి. గంట తరవాత ఒకడు లేచి, మా ఊరి బస్సు పొద్దున్నే స్టార్టు కానని మొరాయించే చప్పుడు నోటితో చేశాడు. ఇంకో నలుగురు లేచి వాణ్ణి వెనకనుంచి తోశారు. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. ఇద్దరు ఆడపిల్లలు పాత కార్డుబోర్డు పెట్టెలతో మిరపకాయ బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ కట్టారు, దానికి తలుపులు కూడా తెరుచుకుంటాయి. ఒకమ్మాయి చింపిరి గోనెసంచితో దిష్టిబొమ్మ కట్టి దానికి డ్రిల్లు మేష్టారి మీసం పెట్టింది. ఆయన రెండు రోజులు అలిగి, మూడో రోజు మీసం సరిగ్గా లేదని ఆయనే దిద్దాడు.

కల్లం పిల్ల మాత్రం నేను పక్కనుంచి వెళితే పుస్తకం అడ్డం పెట్టుకుంటోంది. ఏడో రోజున తనే నా దగ్గరికి వచ్చింది. కుట్టు టీచరుగారు వెనక నిలబడి ఉన్నారు, పారిపోకుండా.

‘‘సార్, మేం నాటకం వేస్తన్నాం. లెక్కల క్లాసు.’’

‘‘వెయ్యండి.’’

‘‘అందులో మీ వేషం నేను వేస్తా.’’

‘‘వెయ్యి’’ అన్నాను. ఎంత సులువుగా అన్నానో నాకే ఆశ్చర్యం.

‘‘మొద్దుపిల్ల వేషం ఒకటుంది సార్. అది ఎవరూ ఎయ్యమంటన్నారు. ఏస్తే ఇంక ఊళ్ళో అందరూ మొద్దు మొద్దంటారంట.’’ నేలకేసి చూస్తూ, ‘‘మీరేస్తారా?’’ అంది.

ఆ వేషానికి అసలు సొంతదారు ఎవరో నాకు తెలుసు. తనకీ తెలుసు. కుట్టు టీచరుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వేస్తాననడం తప్ప నాకు ఇంకో దారి కనపడలేదు.

రిహార్సల్సులో తెలిసింది, ఆ పిల్లకి ఎంత తెలుసో. నేను కింద కూర్చోగానే ఆపేసింది. ‘‘సార్, మీరు తల ఎత్తి కూర్చున్నారు. మొద్దుపిల్లలు అట్టా కూర్చోరు. కాలివేళ్ళకేసి చూడాల.’’

చూశాను.

‘‘చేతులు ఎనక్కి దాచుకోవాల సార్.’’

‘‘ఎందుకు?’’

‘‘కొడతారు గదా’’ అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నాటకంలో నాకున్నవి రెండే మాటలు. మైనస్ ఇంటూ మైనస్ ఎంత అంటే ‘‘ప్లస్ టీచర్’’ అనాలి. అర్థమైందా అంటే ‘‘అయ్యింది టీచర్’’ అనాలి. ఈ రెండు మాటలు నాకు మూడు రోజులు పట్టాయి.

వేషం దగ్గర పేచీ వచ్చింది. వాళ్ళు ఖాకీ నిక్కరు వేయమన్నారు. యాభై ఏళ్ళ వయసులో అది నావల్ల కాదన్నాను. చివరికి పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టడానికి, తలకి ఆముదం పట్టించి పక్క పాపిడి తీయడానికి, చేతిలో పలక పట్టుకోవడానికి రాజీ కుదిరింది. ఆఖరి రోజు అద్దంలో చూసుకుంటే, నల్లమల అంచుకి బదిలీ ఏమంత చెడ్డది కాదేమో అనిపించింది.

ఆ రోజు పిల్లల తల్లులు, నాయనమ్మలు, కల్లాల్లో పనిచేసే కూలీలు అందరూ వచ్చారు. బడి వరండా నిండిపోయి, జనం ఆవరణలో వేపచెట్ల నీడన కూర్చున్నారు. ఆఫీసరుగారి కోసం చూసి చూసి, పదకొండున్నరకి ఇక లాభం లేదని నాటకం మొదలుపెట్టాం. సరిగ్గా నేను పలక పట్టుకుని కింద కూర్చుంటుంటే గేటు దగ్గర జీపు ఆగింది. హెడ్మాస్టారు పరిగెత్తుకెళ్ళి ఆయన్ని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. నన్ను పరిచయం చేసే వ్యవధి లేదు.

ఆ పిల్ల వచ్చింది. నా పాత కోటు, చెవి మీద సుద్దముక్క, చేతిలో పత్తికట్టె. ‘‘సైలెన్స్!’’ అంది. అంతే, ఊరంతా గుర్తుపట్టేసింది. నవ్వులకి వేపచెట్ల మీది కాకులు లేచాయి. వెనక వరసలోంచి ఎవరో, ‘‘ఒరేయ్, అచ్చం ఆయనేరా!’’ అని అరిచారు.

‘‘మైనస్ ఇంటూ మైనస్ ఎంత? నువ్వు చెప్పు, చివరి బెంచీ!’’

పత్తికట్టె నా ముక్కు ముందుకొచ్చింది. మీకు ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు. నాటకమని తెలుసు. ఎదురుగా ఉన్నది పన్నెండేళ్ళ పిల్ల అని తెలుసు. అయినా కింద కూర్చుని పైకి చూస్తుంటే, నా గొంతే నా మీదికి వస్తుంటే, చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

‘‘ప్లస్ టీచర్’’ అన్నాను.

‘‘గుర్తుపెట్టుకో. అర్థమైందా?’’

‘అయ్యింది టీచర్’ అనాలి. మూడు రోజులు బట్టీ పట్టిన మాట. అది నాలిక మీదికి రాలేదు.

‘‘కాలేదు టీచర్’’ అన్నాను.

నాటకంలో ఆ మాట లేదని పిల్లలందరికీ తెలుసు. ఆ పిల్ల నావైపు చూసింది, నిజంగా అంటున్నానా, మర్చిపోయి అంటున్నానా అని. డ్రిల్లు మేష్టారు అలవాటుగా జేబులో ఈల కోసం తడుముకోవడం కనపడింది. ఆ పిల్ల పత్తికట్టె పక్కన పెట్టింది. కోటు మడతపడకుండా వెనక్కి తోసుకుని నా ఎదురుగా నేల మీద గొంతుకూర్చుంది. ఇప్పుడు మాట్లాడిన గొంతు నాది కాదు, తనది.

‘‘ఎందాకా అర్థమైంది?’’ అంది.

ఇరవై రెండేళ్ళలో నేను ఎవర్నీ ఆ ప్రశ్న అడగలేదు. నన్ను చిన్నప్పుడు ఎవరూ అడగలేదు.

‘‘ప్లస్ వస్తుందని తెలుసు’’ అన్నాను. ‘‘ఎందుకొస్తుందో తెలియదు.’’

అది వేషం కోసం అన్న మాట కాదు. పుస్తకంలో ఉన్న వివరణ నాకు వచ్చు. కానీ ఒక పిల్ల చేతిలో పెట్టగలిగినట్టుగా ఎప్పుడూ రాలేదు.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. తరవాత మెల్లగా అంది. ‘‘కల్లంలో కాయ కుప్పుంది. అందులో తాలుకాయ ఉంది. తాలుకాయ మంచిదా చెడ్డదా?’’

‘‘చెడ్డది.’’

‘‘అంటే మైనస్. దాన్ని ఏం చేస్తాం? కుప్పలో ఏస్తామా, తీసేస్తామా?’’

‘‘తీసేస్తాం.’’

‘‘తీసెయ్యడం గూడా మైనస్సే. మైనస్ని మైనస్ చేశాం. రెండు తాలుకాయల చొప్పున మూడుసార్లు తీసేశాం. ఇప్పుడు కుప్ప బాగుపడిందా, పాడైందా?’’

నేను జవాబు చెప్పేలోపే ఆవరణలో ఉన్న ఆడవాళ్ళంతా, ‘‘బాగుపడింది!’’ అన్నారు.

‘‘ఆరు కాయలంత బాగుపడింది’’ అంది ఆ పిల్ల. ‘‘అందుకే ప్లస్.’’

వేపచెట్టు కింద నుంచి నాయనమ్మ లేచి నిలబడింది. ‘‘ఓసి, ఇంతేనా! ఈ మాత్రం దానికి అన్నేళ్ళు చదివావా మేష్టారూ? మా కల్లానికొస్తే పూటలో చెప్పేదాన్నిగా!’’

ఆ తరవాత నాటకం ముందుకు సాగలేదు. సాగాల్సిన అవసరమూ లేకపోయింది. జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను, ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. సుద్దముక్క చేతిలోకి తీసుకుని, నా పలక మీద ‘రైటు’ గుర్తు పెట్టి తిరిగి ఇచ్చింది.

ఆఫీసరుగారు చాలా సంతోషించారు. కోల్డ్ స్టోరేజీ తలుపులు తెరిచి చూశారు, బస్సుని తోశారు. చివర్లో హెడ్మాస్టారిని అడిగారు: ‘‘వయోజన విద్య కూడా ఈ శిబిరంలోనే కలిపి నడుపుతున్నారా?’’

హెడ్మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆయన అనే మాట ఒకటే: ‘‘అవును సార్.’’

ఆఫీసరుగారు నా దగ్గరికొచ్చి భుజం తట్టారు. ‘‘ఈ వయసులో చదువుకోవాలనుకోవడం గొప్ప సంగతి. ఎవరేమన్నా సిగ్గుపడకు. మధ్యలో మానెయ్యకు.’’

నూనె కారుతున్న పాపిడితో, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచెతో నేనేం చెప్పను? ‘‘అలాగేనండి’’ అన్నాను. ఆయన సందర్శకుల పుస్తకంలో శిబిరాన్ని మెచ్చుకుంటూ నాలుగు మాటలు రాసి, ‘వయోజన విద్యార్థి చురుకైనవాడు, అడిగి తెలుసుకొను స్వభావము కలవాడు’ అని ముగించారు. నా సర్వీసులో పైఅధికారి నాకిచ్చిన లిఖితపూర్వకమైన మెప్పు అదొక్కటే. పేరు లేకపోయినా నాదే.

జూన్లో బడి తెరిచాక ఆ పిల్లని నాయనమ్మే వెంటబెట్టుకొచ్చింది. ‘‘ఎనిమిదిలో రాయండయ్యా దీని పేరు. ఆ అర్థంకాని మేష్టారు ఉన్నాడుగా, ఆయన క్లాసులోనే వెయ్యండి’’ అంది హెడ్మాస్టారితో. ఆ తరవాత ఆ పిల్ల లెక్కల్లో మెరిసిపోయిందని చెప్పాలని నాకూ ఉంది. లేదు. ప్రతి పరీక్షలోనూ అత్తెసరు మార్కులే. పదో తరగతి గట్టెక్కింది, అంతే. కానీ అడగడం మానలేదు. ‘‘ఎందాకా అర్థమైంది’’ అని నేను అడిగితే, ‘‘ఇందాకా సార్’’ అని వేలు పెట్టి చూపించేది. ఇప్పుడు ఇటువైపే ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. అక్కడి పసిపిల్లలకి నా ముక్కు మూలుగు ఇప్పటికీ పరిచయమేనని వినికిడి.

నేను ఒక్క వేసవితో మారిపోయానని కూడా అనుకోకండి. నోరు జారిన రోజులు తరవాతా ఉన్నాయి. ఆ ఏడాది సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చినా సిలబస్ పూర్తి కాలేదు. హెడ్మాస్టారికి చలిజ్వరం వచ్చింది.

ఆ జూన్లోనే ఇంకొకటి జరిగింది. తొమ్మిదో తరగతిలో భాగహారం లెక్క చెబుతూ అలవాటు ప్రకారం, ‘‘సున్నాతో భాగించకూడదు’’ అని ముందుకు పోతున్నాను. కిటికీ పక్కన కూర్చునే ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఆ క్లాసులో అడక్కుండా చెయ్యెత్తడం నేను చూడటం అదే మొదలు.

‘‘ఎందుకు భాగించకూడదు సార్? భాగిస్తే ఏమవుద్ది?’’

నాలిక చివరిదాకా గుడ్డుసున్నా వచ్చింది. మింగేశాను. ఏమవుతుందో నాకు తెలుసు. ఎట్లా చెబితే ఆ పిల్లకి తెలుస్తుందో తెలియదు. ‘‘రేపు చెబుతానమ్మా’’ అన్నాను. క్లాసంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ సాయంత్రం వరండాలో పాత పుస్తకాలన్నీ పరుచుకుని కూర్చున్నాను. ఒక చాటలో ఎండుమిరపకాయలు పోసుకుని, వాటిని సున్నామందికి పంచడానికి నానా తంటాలు పడుతున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, నన్నూ చాటనీ మార్చి మార్చి చూసింది.

‘‘ఏంటండీ ఇది?’’

‘‘హోంవర్కు’’ అన్నాను.

‘‘ఎవరిచ్చారు?’’

‘‘తొమ్మిదో తరగతి వాళ్ళు.’’